ఉక్కు నీళ్ళలో వాలుగ

బడ్జెట్ సమావేశాల నడుమ ఉభయ సభలకు కొన్నాళ్ళు విరామమిచ్చి, మంత్రిత్వశాఖల పద్దుల పరిశీలనను స్థాయీ సంఘాలకు అప్పగించే పద్ధతి 1993 నుండి నడుస్తున్నది. ఈ విరామంలో సభ్యులు నియోజకవర్గాలకూ, మంత్రులు శంకుస్థాపనలకూ, విలేకరులు చుట్టాల ఇండ్లకూ తరలిపోవడం ఆనవాయితీ. ఈ మారు ఒక శుభకార్యం పేరిట ఈ లేఖకుడు నిజాముద్దీన్ స్టేషనులో సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కి దుర్గ్‌లో దిగాడు. విశాఖపట్నం పోయే ఈ బండిలో దుర్గ్, రాయపూర్‌లలో ఎక్కి దిగేవారిలో తెలుగు వారికి ఎన్నడూ కొదువ లేదు. 1931లో రాయపూర్–విజయనగరం రైలుమార్గం పూర్తి అయినప్పటి నుండి ఉత్తరాంధ్రకు ఛత్తీస్‌గఢ్ పొరుగూరే. భిలాయిలో ఉక్కు కర్మాగారం వచ్చిన తరువాత కొన్ని వేల కుటుంబాలకు అది సొంతూరు కూడ అయింది.

కర్మాగారానికి సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది 1955 ఫిబ్రవరి 2న, ఢిల్లీలో. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించినది 1959 ఫిబ్రవరి 4న. నడుమ ఉన్న ఆ నాలుగేళ్ళలో మట్టి మోయడానికి, ఇనుము అతకడానికి వచ్చిన జనంలో శ్రీకాకుళం, విశాఖ జిల్లాల వారు చాలామంది. వారి మనుమలు నేడు హిందీలో పోట్లాడుకొని తెలుగులో రాజీ పడుతున్నారు. సెక్టార్లలోని క్వార్టర్ల వెనుక గోంగూర మడులు మాత్రం తరం మారినా మారలేదు.

మా బావగారి పొరుగింట ఒక పెద్దమనిషి ఉన్నారు. శ్రీకాకుళం జిల్లాలో సముద్రపు ఒడ్డున ఒక పల్లె నుండి ఆయన తండ్రి 1958లో మట్టి పనికి వచ్చాడు. ఈయన రైలుపట్టాల మిల్లులో ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకున్నారు. విశ్రాంతి అన్న మాట ఆయనకు అంతగా వర్తించదు. వారానికి రెండు రోజులు తెల్లవారుజామున గాలపు కర్ర స్కూటరుకు కట్టుకొని బయలుదేరుతారు. పెండ్లి భోజనాల దగ్గర నన్ను పట్టుకొని, "ఢిల్లీలో పెద్ద పెద్ద చేపలను చూస్తూంటారు గదా బాబూ. రేపు నాతో వస్తే తోక ఉన్న చేప నొకదాన్ని చూపిస్తాను" అన్నారు. వెళ్ళాను.

బాలోద్ దాటి లోపలికి పోతే కొండల నడుమ జలాశయాలు కొన్ని ఉన్నవి. మేము వెళ్ళినది వాటిలో ఒకటి. దాని పేరు ఇక్కడ వ్రాయను. పడవ వాని పేరు అంతకంటె వ్రాయను. వ్రాస్తే ఆ పత్రిక ముక్క రాయపూర్ చేరి, అతని మెడకు చుట్టుకుంటుంది.

ఫాల్గుణ మాసాంతం. మోదుగలు పూర్తిగా విచ్చినవి. నీరు గట్టు నుండి చాలా దూరం వెనుకకు తగ్గి, ఎండిన బురద మీద మేకల డెక్కల గుర్తులు ఆరిపోయి ఉన్నవి. ఇంకా చీకటి ఉండగానే పడవ ఎక్కాము. గాలం అనగానే నాకు తెలిసినది గట్టున కూర్చుని, వానపాము గ్రుచ్చి, బెండు మునుగుతుందేమో అని కనిపెట్టుకొని ఉండడం. ఈయన పద్ధతి వేరు. పడవ వాడు చప్పుడు కాకుండ, నడక కంటె కొంచెం వేగంగా తెడ్డు వేస్తూంటాడు. ఈయన వెనుక కూర్చుని ముప్పయి గజాల దారం నీటిలోకి వదులుతారు. దాని కొసన ఎర ఉండదు. ఒక చెంచా ఉంటుంది. వంటింటి స్టీలు చెంచాకు కాడ కోసివేసి, రెండు కొసలా రంధ్రాలు చేసి, ఒక వైపు మూడు కొక్కాల గాలం తగిలించినది. పడవ కదులుతూంటే ఆ చెంచా నీటిలో తిరుగుతూ, దెబ్బతిన్న చిన్న చేప వలె మినుకుమినుకుమంటుంది. వేటాడి తినే చేప దాని వెంటపడుతుంది. ఆయన దీనికి పెట్టుకున్న పేరు "లాగుడు గాలం". తండ్రి సముద్రం మీద తెప్ప వెనుక దారం వదిలి పెద్ద చేపలు పట్టిన విద్యను ఈయన మంచినీటికి దించారు. "మన భిలాయి ఉక్కుతో చేయలేదేమి?" అని అడిగాను. "పట్టాల ఉక్కు నీళ్ళలో తుప్పు పడుతుంది బాబూ. దాని మీద రైళ్ళు నడవాలి గాని చేపలు కాదు" అన్నారు.

నేను బి.ఏ.లో ఇంగ్లీషు చదివిన రోజులలో, 1653 నాటి ఐజాక్ వాల్టన్ పుస్తకంలో గాలం వేసేవాని తీరుబాటును గురించి చదివి అసూయ పడ్డాను. ఆ ఆంగ్లేయునికి చేప అంటే ముఖ్యంగా ట్రౌట్. పడవ వెనుక చెంచాను ఈడ్చే ఈ విద్య కూడ పాశ్చాత్య దేశాలలో, లోతైన పర్వత సరస్సులలో, ట్రౌట్ కోసమే బాగా పెరిగింది. అందుకు వారు వసంతకాలాన్ని ఎన్నుకోవడంలో ఒక శాస్త్రమున్నది. నీటికి నాలుగు డిగ్రీల వద్ద బరువు అత్యధికం. మంచు కరిగిన కొత్తలో సరస్సు పైనీరు ఆ వేడికి చేరగానే పై నీరూ క్రింది నీరూ కలిసిపోయి, ప్రాణవాయువు అంతటా సమంగా పరచుకుంటుంది. చల్లని నీటిని కోరే ట్రౌట్ అప్పుడు పైకి వచ్చి, ఒడ్డు పొంత చిన్న చేపల వెంట తిరుగుతుంది. అందువల్ల బరువు కట్టని దారమే చాలు. వేసవి ముదిరితే పైనీరు వెచ్చబడి అది అడుగుకు దిగిపోతుంది. అప్పుడు సీసపు గుండ్లు కట్టి లోతుకు దించవలసినదే.

ఈ చేప మీది మమకారంతో దొరలు దానిని మన కొండలకు తెచ్చిన చరిత్ర ముచ్చటైనది. ఫ్రాన్సిస్ డే అనే సైనిక వైద్యుడు 1860 దశకంలో నీలగిరులకు తేబోయి విఫలుడయినాడు. కాశ్మీరుకు 1899లో బ్రిటను నుండి పంపిన గ్రుడ్లు దారిలోనే చెడిపోయినవి. 1900లో పంపినవి బ్రతికి, అక్కడి ఏరులలో వంశం నిలబెట్టినవి. నేటికీ కాశ్మీరులోను, కులూ లోయలోను రుసుము కట్టి, అనుమతి పత్రం జేబులో పెట్టుకొని ట్రౌట్‌కు గాలం వేయవచ్చు. వలస వచ్చిన ఆ చేప, తరతరాలుగా అక్కడ ఉన్న చేపల పిల్లలను మింగి, చోటు ఆక్రమించుకున్నది. అయినా కాగితం మీద దాని హోదా అతిథిది. రక్షణ కూడ అతిథికి తగినట్లే ఉంటుంది.

ఛత్తీస్‌గఢ్ ఎండలకు ట్రౌట్ ఒక్క పూట కూడ బ్రతకదు. ఇక్కడ చెంచా వెంట పడేది వాలుగ. ఇక్కడి వారు పఢిన్ అంటారు. పొలుసు లేని వెండి శరీరం, వెడల్పయిన నోరు, నోటి నిండ సన్నని పండ్లు. పగలు లోతున పడి ఉండి, చీకటి వెలుగుల సంధిలో వేటకు లేస్తుంది. కొండల మీద ఎరుపు వచ్చే వేళకు దారం ఒక్కసారిగా బిగుసుకున్నది. పెద్దమనిషి మాట్లాడలేదు. పడవ వాడు తెడ్డు ఆపి, పడవను చేప వైపుకు త్రిప్పాడు. దారం వదలడం, లాగడం, మళ్ళీ వదలడం: ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలలో డెబ్బది దగ్గరపడిన ఆ మనిషి ముఖం మీద వయసు కనబడలేదు. చివరకు పడవ వాడు మొప్పల కింద చేయి పెట్టి లోపలికి వేశాడు. నాలుగు కిలోలు తూగుతుందని ఇద్దరూ ఒకే మాట అన్నారు.

నేను మెచ్చుకోబోతూండగా పడవ వాడు నవ్వుతూ ఒక మాట అన్నాడు. ఛత్తీస్‌గఢీలో అన్నదానిని పెద్దమనిషి తెలుగు చేశారు. "నీళ్ళు ఫ్యాక్టరీవి. చేప సర్కారుది. వల ఠేకేదారుది. గాలం కకాది. పడవ ఒక్కటే నాది, దానికీ అప్పున్నది." అతని తాత సాగు చేసిన చెక్క ఆ నీటి అడుగున ఉన్నది. ఎక్కడ అని అడిగితే తెడ్డుతో చూపించాడు. మేము దాని మీదుగానే వచ్చాము.

ఢిల్లీకి తిరిగి వచ్చి, సభలు మళ్ళీ కూడేలోపు, పార్లమెంటు గ్రంథాలయంలో ఈ నాలుగు మాటలకు చట్టంలో ఉన్న ఆధారమేమిటో చూడబోయాను.

మొదటి మాట నిజానికి సమీపమే. ఉక్కుకు ఇనుప ఖనిజం ఎంత అవసరమో నీరు అంత అవసరం. ఖనిజం దల్లీ–రాజహరా కొండల నుండి వస్తే, నీరు తాందులా జలాశయం నుండి కాలువ వెంట భిలాయి అంచున ఉన్న మరోడా చెరువుకు చేరుతుంది. తాందులా ఆంగ్లేయుల నాటిది. పందొమ్మిదవ శతాబ్దం చివర వరుస కరువులు ఛత్తీస్‌గఢ్‌ను తుడిచిపెట్టిన తరువాత, పొలాల కోసం తలపెట్టినది. కర్మాగారం వచ్చిన పిమ్మట దాని అవసరాలకై గోండ్లీ, ఖర్ఖరా జలాశయాలు తోడయినవి. 1979 నాటికి ధమ్‌తరీ వద్ద మహానదిపై గంగ్రేల్ ఆనకట్ట పూర్తి అయి అదీ ఈ వరుసలో చేరింది. పొలాలకు కట్టిన చెరువు నుండి కార్ఖానాకు ఎంత, కార్ఖానాకు కట్టినదాని నుండి పొలాలకు ఎంత అన్న తగవు వాన తక్కువైన ప్రతి ఏటా లేస్తూనే ఉంటుంది. ఆ తగవులో చేప అన్న మాట ఎవరి నోటా రాదు.

రెండవ మాట దగ్గర చిక్కు. మత్స్య పరిశ్రమ రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో రాష్ట్రాల జాబితాలోని 21వ అంశం. ప్రాదేశిక జలాలకు అవతల పట్టే చేపలు మాత్రమే కేంద్రానివి. కనుక జలాశయాల చేపలను గురించి సభలో ప్రశ్న వేసిన సభ్యునికి, ఇది రాష్ట్రాల విషయమన్న వాక్యంతో జవాబు మొదలవుతుంది. 2019లో కేంద్రంలో మత్స్య, పశుసంవర్ధక, పాడి పరిశ్రమలకు ప్రత్యేక మంత్రిత్వశాఖ ఏర్పడినది. 2006లో ఏర్పడిన జాతీయ మత్స్యాభివృద్ధి మండలికి హైదరాబాదులో చేప ఆకారంలోనే భవనం కట్టారు. దేశంలో జలాశయాల విస్తీర్ణం 31 లక్షల హెక్టార్లకు మించినదని లెక్కలు చెపుతున్నవి. ఇంత నీటిలో ఇంకెంతో చేప పెంచవచ్చునన్న ఆశ ప్రతి నివేదికలోను ఉన్నది. పట్టేవాడెవడు, వానికి హక్కేమిటి అన్నది మాత్రం రాష్ట్ర రాజధానికి వదిలివేయబడినది.

రాష్ట్ర చట్టం తిరగవేస్తే అసలు సంగతి బయటపడింది. 1959 నాటి మధ్యప్రదేశ్ భూ రెవెన్యూ కోడ్ ఛత్తీస్‌గఢ్‌కు 2000లో వారసత్వంగా వచ్చింది. ఆ ప్రాంతంలో నిస్తార్ అని ఒక గొప్ప సంప్రదాయం. ఊరి వారు ఊరి అడవిలో కట్టెలు, బీటిలో మేత, చెరువులో నీరు వాడుకొనే హక్కు అది. వేసవిలో ఊరి చెరువులు నింపడానికి జలాశయాల నుండి వదిలే నీటికి కూడ ఆ పేరే. ఈ అలవాటు హక్కులను గ్రామంవారీగా వ్రాసి పెట్టే పత్రం వాజిబ్-ఉల్-అర్జ్. కోడ్‌లోని 242వ విభాగం ప్రకారం అందులో దారి హక్కు, సాగునీటి హక్కుతో పాటు చేపలు పట్టే హక్కు కూడ నమోదు చేయాలి. చదివి సంతోషించాను. తరువాతి పంక్తి చదివేసరికి ఆ సంతోషం ఆరిపోయింది. రాష్ట్ర ప్రభుత్వానికి గాని, స్థానిక సంస్థకు గాని చెందని, వారి అజమాయిషీలో లేని భూమికీ నీటికీ మాత్రమే ఈ నమోదు! ఏరు ఏరుగా ఉన్నన్నాళ్ళు పడవ వాని తాతకు అలవాటు ఉండేది. ఆనకట్ట కట్టిన నాడు ఆ నీరు ప్రభుత్వపు నీరయింది. అలవాటు అలవాటుగానే మిగిలి, హక్కు మాత్రం మునిగిపోయింది. మునిగిన పొలానికి ఎంతో కొంత పరిహారం లెక్క కట్టారు. మునిగిన ఏటికి లెక్క కట్టిన దాఖలా నాకు కనబడలేదు.

ప్రభుత్వ పక్షాన ఒక వాదమున్నది. దానిని తేలికగా త్రోసివేయరాదు. రోహు, బొచ్చె వంటి చేపలు నిలవ నీటిలో సాధారణంగా గ్రుడ్లు పెట్టవు. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి వాటికి సూది మందు ఇచ్చి గ్రుడ్లు పెట్టించగలిగిన తరువాతనే పిల్లల ఉత్పత్తి మన చేతికి వచ్చింది. భిలాయిలో కొలిమి లేస్తున్న రోజులలోనే ఈ విద్య కూడ పుట్టింది. ఏటేటా పిల్లలను కొని నీటిలో వదిలేది ప్రభుత్వమో, వేలంలో కౌలు పాడుకున్నవాడో. పెట్టుబడి పెట్టినవాడు ఫలం కోరడం న్యాయమే గదా అంటారు.

న్యాయమే. కాని మా పడవలో పడిన చేప వాలుగ. దానిని ఎవరూ కొని వదలలేదు. ఆనకట్ట లేని నాడు ఏటి మడుగులలో ఉన్నది అదే. తాతల నాటి నుండి అక్కడి నివాసి. పైగా కౌలుదారునికి అది శత్రువు, వదిలిన పిల్లలను మింగుతుంది గనుక. పెంచిన రోహు చెంచా వైపు కన్నెత్తి చూడదు. చెంచాకు పడేది వేటాడే చేప మాత్రమే. అంటే లాగుడు గాలం వేసేవాడు కౌలుదారుని సొమ్ము ముట్టకపోగా, అతని పిల్లలను కాపాడుతున్నాడు. ఇంత చేసినా చట్టం దృష్టిలో చేప అంటే చేపే. పుట్టిన చేపకూ పెట్టిన చేపకూ భేదం లేదు. కాశ్మీరులో పరాయి చేపకు పహరా ఉన్నది. ఇక్కడ సొంత చేపకు సొంతదారు లేడు.

నీలగిరులలో ట్రౌట్‌తో విఫలుడయిన ఆ ఫ్రాన్సిస్ డే యే 1873లో మన మంచినీటి చేపలను గురించి పెద్ద నివేదిక వ్రాశాడు. సన్నకన్ను వలలతో, విషంతో, అడ్డుకట్టలతో చేప నశిస్తున్నదని అతని ఆందోళన. 1897లో వచ్చిన భారత మత్స్య చట్టానికి వెనుక ఉన్న చింతన అదే. ప్రేలుడు మందునూ విషాన్నీ ఆ చట్టం నిషేధించింది. చేపను మనిషి నుండి కాపాడాలన్న తలంపు అందులో ఉన్నది. మనిషికి చేప మీద ఏ హక్కున్నది అన్న ప్రశ్న అప్పుడు ఎవరికీ తట్టలేదు. తరువాత తట్టిన చోట్లు కొద్ది.

అటువంటి చోటు ఒకటి మధ్యప్రదేశ్‌లోనే ఉన్నది. 1970 దశకంలో కట్టిన తవా ఆనకట్ట వల్ల 44 గ్రామాలు పోయినవి. కిసాన్ ఆదివాసీ సంఘటన్ సాగించిన ఆందోళన ఫలితంగా 1996లో నిర్వాసితుల సహకార సంఘాల సమాఖ్య, తవా మత్స్య సంఘ్‌కు ఆ జలాశయంలో చేపల హక్కు ఇచ్చారు. అంతకు రెండేళ్ళ ముందే బర్గీ నిర్వాసితులకు ఇటువంటి హక్కు దక్కింది. అడవి బిడ్డలు వ్యాపారం చేయగలరా అని పెదవి విరిచినవారు ఉండిరి. వారు పిల్లలను వదిలారు, చేప పట్టారు, సరకును దూర నగరాలకు పంపారు, ప్రభుత్వానికి రాయల్టీ కట్టారు. పదేళ్ళు నడిచింది. 2006 డిసెంబరులో గడువు తీరింది. జలాశయంలో కొంత భాగం సాత్పురా పులుల సంరక్షణ ప్రాంతం కిందికి వస్తుందని తిరిగి ఇవ్వలేదు. పొలాన్ని ఆనకట్ట తీసుకుంటే చేప ఇచ్చారు. చేపను పులి పేరిట తీసుకున్నారు. పులి మీద నాకు కోపం లేదు. అది ఎవరినీ కౌలు అడగలేదు.

మన రాష్ట్రాలలో వేలం బదులు లైసెన్సు పద్ధతి ఉన్నదని పాఠకులు గుర్తు చేయవచ్చు. నిజమే, నాగార్జునసాగర్, శ్రీశైలం వంటి పెద్ద జలాశయాలలో రుసుము కట్టిన జాలరి తానే వల వేసుకోవచ్చు. ఈ పద్ధతి మేలైనదని నా అభిప్రాయం. అయితే కోస్తా నుండి వచ్చినవారి అలివి వలలు పిల్ల చేపను సైతం ఊడ్చివేస్తున్నవని శ్రీశైలం వెనుక నీటి ఒడ్డున స్థానికులు మొరపెట్టుకోవడం కూడ తరచు వింటున్నాము. కృష్ణలో ఊళ్ళు పోగొట్టుకున్నవాడు, సముద్రంలో బ్రతుకు తెరువు పోగొట్టుకున్నవాడు ఒకే నీటి మీద ఎదురుపడినారు. ఇద్దరిలో ఎవరినీ తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. భిలాయిలో నా ఎదుట పడవలో కూర్చున్న ఇద్దరూ ఆ జాతివారే. ఒకరికి పింఛను ఉన్నది, రెండవవానికి లేదు. అంతే తేడా.

మళ్ళీ ఒడ్డుకు వస్తాను. మేము దిగేసరికి కౌలుదారుని మనిషి త్రాసుతో సిద్ధంగా ఉన్నాడు. పెద్దమనిషికి ఇది కొత్త కాదు. చేపను తూచారు, నాలుగు కిలోలకు నూరు గ్రాములు తక్కువ. తాను పట్టిన చేపకు తానే వెల కట్టి డబ్బిచ్చారు. అతను ఒక చీటీ చింపి ఇచ్చి తన గుడిసెలోకి వెళ్ళాడు. చేపలో సగం కోసి ఇవ్వబోతే పడవ వాడు వద్దన్నాడు. ఇంట్లో చేప కనబడితే ఎక్కడిదని అడుగుతారట. అతడు అడిగినది చీటీ. ఇచ్చాము. దాని మీద పఢిన్ అని, తూకం, డబ్బు వ్రాసి ఉన్నవి. కొన్నవాని పేరు లేదు. తేదీ కూడ వేయలేదు. అతడు దానిని రెండు మడతలు పెట్టి తలపాగాలో దోపుకున్నాడు. వర్షాలు పడేదాకా పనికి వస్తుందన్నాడు.